అరుగు మీద ఉప్పు

"కొట్టు కట్టేసేటప్పుడు షావుకారు సరుకులన్నీ లోపల సర్దుకుంటాడు. ఒక్కటి మాత్రం అరుగు మీదే వదిలేస్తాడు. ఏమిటో చెప్పండి చూద్దాం?" అని అడిగింది బామ్మ.

"పిల్లిని," అన్నాడు చిన్నవాడు.

పిల్లిని ఎవరూ వదలక్కర్లేదు నాయనా, అదే ఉంటుంది. ఉప్పు బుట్ట. ఉప్పు దొంగిలిస్తే మహాపాపమని పూర్వం దొంగలు కూడా దాన్ని ముట్టేవారు కాదు. అదిగో, గవరయ్య భయమంతా అక్కడే మొదలైంది.

రైలు దారి కోసం అడవి కొడుతున్న రోజులవి. కొత్తగా నాలుగు పాకలు లేచిన చోట మొట్టమొదటి కొట్టు గవరయ్యదే. ముందు గదిలో సరుకులు, వెనక గదిలో భార్య కనకరత్నం, ఐదేళ్ల కూతురు. అరుగు గుంజకి పొడుగు తాడుతో కట్టిన మేక ఒకటి.

వచ్చిన కొత్తలో అలవాటు కొద్దీ ఉప్పు బయటే ఉంచాడు. తెల్లారేసరికి బుట్ట కాస్త తగ్గేది. పక్కన చిరిగిన మోదుగాకులు పడి ఉండేవి. కనకరత్నం వాటిని ఊడ్చి పారేసేది. గవరయ్య మాత్రం భయపడేవాడు. ఉప్పునే వదలనివాళ్లు ఇంక దేన్ని వదులుతారు? బుట్టని లోపలికి లాగేశాడు.

అప్పటినుంచి అడుగుల చప్పుడు పట్టుకుంది. దీపాలు పెట్టే వేళకి ఎవరో వచ్చేవారు. అరుగంతా చేత్తో తడిమేవారు. ఒకరోజు తలుపు చెక్క మీద గోళ్లతో గీకినట్టయింది. కనకరత్నం గుప్పెట్లో కారం పట్టుకుని తలుపు వెనక నిలబడేది. పిల్లకి దడుపు జ్వరం తగిలింది. ఎక్కడికైనా పోదామంది ఆవిడ. ఉన్నదంతా ఇక్కడే పోశాం, ఇంకెక్కడికి పోతామన్నాడు గవరయ్య.

అలాంటప్పుడు వచ్చాడు జమాల్ తాత. ఊరూరా తిరిగే ఫకీరు. పాత ఊళ్లో గవరయ్య ఉపదేశం తీసుకున్నది ఆయన దగ్గరే. కాళ్ల మీద పడి అంతా చెప్పుకుని, గుమ్మానికి ఒక తాయెత్తు కట్టమన్నాడు.

తాత సరేనన్నాడు కానీ కట్టలేదు. పిల్ల నుదురు ముట్టి చూశాడు. తర్వాత ఉప్పు బుట్టని ఈడ్చుకుంటూ తీసుకెళ్లి అరుగు మీద పెట్టాడు.

"తాతా, చీకటి పడుతోంది," అన్నాడు గవరయ్య గొడ్డలి అందుకుంటూ.

"పడనీ. ఆ గొడ్డలి లోపల పెట్టేసి, నా పక్కన కూర్చో."

గవరయ్య గొడ్డలి లోపల పెట్టాడు. ఎలాగో వచ్చి కూర్చున్నాడు. వెనక గడియ పడింది. వేసింది కనకరత్నమే అని తెలిసినా వెనక్కి తిరిగి చూశాడు.

చెట్ల మధ్య ఎండుటాకులు నలిగాయి. తాత అతని భుజాలు పట్టుకుని గోడవైపు తిప్పి, తానూ తిరిగాడు. ఇప్పుడు ఇద్దరి వీపులూ అడవివైపే.

"వెనక్కి చూడకు," అన్నాడు.

అడుగులు దగ్గరయ్యాయి. ఆగాయి. మళ్లీ దగ్గరయ్యాయి. ఇదిగో, ఇప్పుడు పడుతుంది దెబ్బ అనుకున్నాడు గవరయ్య. పడలేదు. గాజులు కదిలాయి. ఉప్పురాళ్లు గరగరమన్నాయి. ఒక పసిబిడ్డ దగ్గింది, ఎవరో చప్పున దాని నోరు మూశారు. ఆ తర్వాత పరుగు. పడుతూ లేస్తూ ఒకటే పరుగు.

అప్పుడు తిరిగి చూశాడు. బుట్ట పక్కన మోదుగాకు పొట్లం, నిండా ఇప్పపూలు. చూస్తుండగానే మేక మూతి పెట్టి, ఆకు చింపి, పూలన్నీ తినేసింది. చిరిగిన ఆకులు మిగిలాయి.

కనకరత్నం రోజూ ఊడ్చి పారేసినవి ఇలాంటి ఆకులే.

"మరి తాయెత్తు?" అన్నాడు గవరయ్య చివరికి.

జమాల్ తాత జోలెలోంచి తాయెత్తు తీసి అరచేతిలో పెట్టుకున్నాడు. అడవిలో ఆ పరుగు ఇంకా వినిపిస్తూనే ఉంది.

"ఎవరికి కట్టమంటావు?" అన్నాడు.

గవరయ్య లేచాడు. మేకని విప్పి వెనక దొడ్లోకి తీసుకుపోయాడు.

"ఆ పసిబిడ్డ తల్లి మళ్లీ వచ్చిందా బామ్మా?" అని అడిగాడు చిన్నవాడు.

బామ్మ అప్పటికే లేచింది. పొద్దున కోసిన మామిడి ముక్కలకి ఇంకా ఉప్పు కలపలేదంటూ వంటింట్లోకి నడిచింది.