రాజుగారు చూపించిన ఊరు

ఒక బాటసారి ఉండేవాడు. ఊళ్లు తిరిగొచ్చి, చూసింది చూసినట్టు రాసేవాడు. ఆ రాతను చావడిలో చదివించుకుని జనం ప్రయాణాలు కట్టేవారు.

అతని పేరు విని కొండరాజు పల్లకీ పంపాడు.

"మా రాజ్యం చూసి నాలుగు ముక్కలు రాయండి. ఏం రాయాలో మేం చెప్పం, అది మీ ఇష్టం," అన్నాడు.

ఆ మాట బాటసారికి నచ్చింది. విడిదింట్లో పన్నీటి స్నానం, వెండికంచంలో భోజనం. గుమ్మం ముందు కాలువ గలగలా పారుతోంది. దూరంగా ఎత్తైన గోడ కనిపించింది.

"ఆ గోడ అవతల ఏముంది?"

"ఊరేనండి," అన్నాడు మంత్రి. "ఈ ఎండలో తమరికెందుకు శ్రమ? మామిడిపళ్లు కోయించాను, రండి."

అన్నం పెట్టినవాణ్ణి గుచ్చి గుచ్చి అడగడం మర్యాద కాదనిపించింది. పళ్లు తిన్నాడు. ఇంటికొచ్చి, ఆ రాజ్యంలో గడప గడపకీ కాలువ పారుతుందని రాశాడు. చూసిన గడప ఒక్కటే. తక్కినవీ అలాగే ఉంటాయనుకున్నాడు.

ఆ ఏడు వానల్లేవు. పక్కింటి నేతగత్తె రంగసాని మగ్గం అమ్మేసి, మొగుణ్ణీ చంటిపిల్లనీ తీసుకుని కొండరాజ్యానికి బయల్దేరింది.

"మీరు రాశారు గదయ్యా, ఇంక భయమేముంది," అని బాటసారికి దణ్ణం పెట్టి మరీ వెళ్లింది.

వేసవి ముదిరినా వాళ్ల కబురు లేదు. అతనికి మనసాగలేదు. ఈసారి ఎవరూ పిలవకుండానే నడిచి వెళ్లి, గోడ అవతలి దారి పట్టాడు.

అక్కడ పచ్చని ఆకు లేదు. ఎండిన చెలమ చుట్టూ మనుషులు ఖాళీ కడవలతో కూర్చున్నారు.

"మాకూ కాలువ ఉండేది," అన్నాడు ఒకడు. "ఎవరో రాసేవాడు వస్తున్నాడని విడిదింటికి మళ్లించారు. మళ్లీ వదల్లేదు."

ఆ గుంపులో రంగసాని ఉంది. పక్కన మొగుడు లేడు. ఒళ్లో పిల్ల లేదు.

ఆమె తిట్టలేదు. అతన్ని చూసి ఆశగా లేచింది.

"వచ్చారా అయ్యా! మీరు చూసిన కాలువ ఏ వీధిలో ఉంది? మేం వెతికాం, మాకే దొరకలేదు."

బాటసారి పెద్దబాట మీదకి పరుగెత్తాడు. బాట నిండా బళ్లు, మూటలు, చంకల్లో పిల్లలు. ఇటే వస్తున్నారు.

"వెనక్కి పోండి! ఇక్కడ నీళ్లు లేవు! అది రాసింది నేనే!"

దుమ్ము కొట్టుకున్న అతని మొహం చూసి జనం నవ్వారు.

"అది రాసినాయన్ని రాజుగారే పిలిపించి అంతా చూపించారంట," అన్నాడో పెద్దాయన. "పాపం, నీకు వడదెబ్బ తగిలినట్టుంది."

బాటసారి రెండు చేతులూ చాచి వేడుకున్నాడు. దాహమనుకుంది ఒక ముసలమ్మ. తన సొరకాయ బుర్రలో అడుగున మిగిలిన నీళ్లన్నీ అతని దోసిట్లోకి వంచేసింది.

"తాగు నాయనా. మాకేం, ఇంకాసేపట్లో కాలువ దగ్గరుంటాం."

ఖాళీ బుర్ర దులిపి, ముందుకు నడిచింది.