ఆదెమ్మ పొగ

ఏరు ఇంకా తన దారి తాను వెతుక్కుంటున్న రోజులవి. ఏ ఊరు నిలుస్తుందో, ఏ ఊరు పోతుందో ఏటికే తెలియని రోజులు. అప్పుడు గోదారి నడుమ గువ్వలలంక అని ఒక లంక ఉండేది. చుట్టూ నీళ్ళు, మధ్యలో ఊరు.

ఆ ఊళ్ళో ఆదెమ్మ అని ఒకావిడ ఉండేది. ఆమెకున్నవి మూడంటే మూడు. ఒక పాక, ఒక పొయ్యి, ఒక కూతురు.

ఆదెమ్మ పిడకలు చేసేది. తెల్లవారుతూనే తట్ట నెత్తిన పెట్టుకుని పశువుల పాకలన్నీ తిరిగేది. పేడ తెచ్చేది. ఊక కలిపేది. గోడకి కొట్టేది. ఎండాక ఊడదీసి, గూడు పేర్చి, పైన తాటాకు కప్పేది. లంకలో ఎవరి పొయ్యి చూసినా ఆదెమ్మ అయిదు వేళ్ళ ముద్రే మండేది. అన్నం తిన్నవాళ్ళు వండినమ్మని మెచ్చుకుంటారు గాని, పిడకలమ్మని ఎవరు మెచ్చుకుంటారు?

కూతురి పేరు చుక్కమ్మ. దానికి అవతలి గట్టు మీది తాడిరేవులో, గంపలు అల్లే కుర్రవాడితో పెళ్ళయింది. తాడిరేవు లంకకి ఎదురుగానే ఉంటుంది. ఇక్కడ నిలబడితే అక్కడి తాటితోపులో తాళ్ళు కనిపిస్తాయి. మనుషులు కనిపించరు. పిలిస్తే గొంతు సగం ఏరు దాటి ఆగిపోతుంది.

పిల్లని అత్తారింటికి పంపే రోజు వచ్చింది. రేవులో తల్లీ కూతురూ ఒకరి మెడ ఒకరు వదల్లేదు. పడవ నడిపే పోలయ్య గడ ఊతంగా పెట్టుకుని చూస్తూ నిలబడ్డాడు.

"ఏరు దాటడానికి అరజాము చాలత్తా. నీ ఏడుపు దాటడానికే పడవ సరిపోయేట్టు లేదు," అన్నాడు.

"నీ పడవకి చిల్లులు పూడ్చుకో ముందు. నా పిల్ల నీళ్ళలో కూర్చుని వెళ్ళాలా?" అంది ఆదెమ్మ.

చుక్కమ్మ ఏడుపులోనే నవ్వింది. నవ్వి, మళ్ళీ ఏడ్చింది.

"అమ్మా, ఎండాకాలమైతే వచ్చి పోతాను. వరద ఎర్రనీరు వస్తే పడవ కట్టేస్తారు. అప్పుడు నువ్వెలా ఉన్నావో నాకెలా తెలుస్తుంది?"

ఆదెమ్మ ఏటి వంక చూసింది. తాళ్ళ వంక చూసింది. కూతురి వంక చూసింది.

"పొద్దు నడినెత్తికి వచ్చినప్పుడు పొయ్యిలో పిడక రాజేసి, పైన తడిగడ్డి వెయ్యి. తెల్లటి పొగ నిటారుగా లేస్తుంది. నేనూ వేస్తాను. నీ పొగ నాకు కనిపిస్తే నువ్వు బాగున్నట్టు. నా పొగ నీకు కనిపిస్తే నేను బాగున్నట్టు."

"కనిపించకపోతే?"

"ఎందుకు కనిపించదే? పిడకలమ్మ కూతురివి. నీకు నిప్పు కరువా?"

పడవ వెళ్ళిపోయింది.

ఇప్పుడు ఆ లంకలో ఉన్న ఒక కట్టుబాటు చెప్పాలి. ఎర్రనీరు వచ్చిందంటే గోదారమ్మ పుట్టింటికి వచ్చిన ఆడపడుచు అనేవాళ్ళు. గడపకి పసుపు రాసేవాళ్ళు. ఆవిడ వెనక్కి మళ్ళేదాకా ఊళ్ళో పొయ్యి రాజెయ్యకూడదు. నిప్పూ నీరూ ఒకే ఇంట్లో ఉంటే తగువొస్తుందని. అన్ని రోజులూ నానబెట్టిన అటుకులు, బెల్లం ముక్క. అంతే.

ఆ ఏడు ఎర్రనీరు వచ్చింది. ఊరంతా పొయ్యిలు ఆర్పింది. ఆదెమ్మ ఆర్పలేదు. పొద్దు నడినెత్తికి రాగానే తడిగడ్డి వేసి, రేవు గట్టు మీదికి పరుగెత్తింది.

అవతల తాళ్ళ మధ్య నుంచి పొగ లేచింది. పొగ కనిపించింది. గుండె కుదుటపడింది.

ఊరిపెద్ద రంగన్న కాపు దారిలో ఎదురయ్యాడు.

"ఏమే ఆదెమ్మా, ఊరంతా అటుకులు నములుతుంటే నీకు పులుసు కావలసి వచ్చిందా?"

"వంట కాదు బాబూ. కూతురితో మాట్లాడుతున్నాను."

"పొగతోనా? ఏమంటుందేమిటి?"

"బాగున్నానంటోంది."

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. కాపు కూడా నవ్వి వదిలేశాడు. ఆ వరద వచ్చింది, పోయింది.

కొన్నేళ్ళకి పెద్ద వరద వచ్చింది. నీళ్ళు వీధుల్లోకి వచ్చాయి. గడపలు దాటి ఇళ్ళలోకి వచ్చాయి. ఊరు భయపడింది. భయపడ్డ ఊరికి ఒక తప్పు కావాలి, ఒక మనిషి కావాలి.

"ఆ పిడకలామె నిప్పు పెట్టబట్టే ఆడపడుచుకి కోపం వచ్చింది," అన్నారు.

రంగన్న కాపు కడవతో నీళ్ళు తెచ్చాడు. ఆదెమ్మ పొయ్యిలో పోశాడు. పిడకల గూడు మీద తాటాకు లాగి, వాన పడనిచ్చాడు.

"ఊరి మేలు కోసమే ఆదెమ్మా. మనసులో పెట్టుకోకు."

ఆదెమ్మ గట్టు మీదికి వెళ్ళి నిలబడింది. పొద్దు నడినెత్తికి వచ్చింది. అవతల పొగ లేచింది. నువ్వున్నావా అని అడిగింది. ఇవతల జవాబు లేదు.

కాసేపటికి మళ్ళీ లేచింది. మళ్ళీ అడిగింది. జవాబు లేదు.

మూడోసారి లేచిన పొగ తెల్లగా లేదు. నల్లగా, చెదిరిపోతూ, ఇంటి కప్పే పీకి వేసినట్టుగా ఉంది.

ఆదెమ్మ వచ్చి కాపు కాళ్ళ దగ్గర కూర్చుంది. "బాబూ, ఒక్క పిడక. ఒక్క గుప్పెడు గడ్డి. నా కూతురు అడుగుతోంది."

"వరద తియ్యనీ. పడవెక్కి నువ్వే వెళ్ళి చెబుదువుగాని."

ఆదెమ్మ మళ్ళీ గట్టెక్కి చూసేసరికి అవతల ఏమీ లేదు. నీళ్ళు, మబ్బు, అంతే.

వరద తీసింది. పోలయ్య ఆమెని మొదటి పడవలో దాటించాడు. అవతల తాడిరేవు లేదు. గట్టు కోసుకుపోయింది. తాళ్ళు కోసుకుపోయాయి. ఇళ్ళు కోసుకుపోయాయి. మేకలు కాసే ముసలాయన ఒకడు కనిపించి చెప్పాడు.

"కొందరు కొండల వైపు పోయారమ్మా. కొందరు సముద్రం వైపు పోయారు. పోలేనివాళ్ళని ఏరే తీసుకుపోయింది."

"మా చుక్కమ్మ?"

"అందరూ అమ్మా, బిడ్డా అనే పిలుచుకుని ఏడ్చారమ్మా. ఎవరు ఎవరో నాకు తెలియదు."

పోలయ్య ఆమెని తిరిగి లంకకి చేర్చాడు. ఆ సాయంత్రం రంగన్న కాపు పాక ముందుకి వచ్చి నిలబడ్డాడు. ఆదెమ్మ పేడలో ఊక కలుపుతోంది.

"కూర్చోండి బాబూ," అంది. ఒక్క తిట్టు తిట్టినా కాపు ఆ రాత్రి నిద్రపోయేవాడు.

తరవాత ఏళ్ళు గడిచాయి. రేవుకి ఏ పడవ వచ్చినా ఆదెమ్మ ఎదురు వెళ్ళేది. ఉప్పు పడవ వస్తే అడిగేది. కుండల పడవ వస్తే అడిగేది. పెళ్ళివాళ్ళ పడవ వస్తే అడిగేది. "గంపలు అల్లేవాళ్ళు ఎక్కడైనా కనిపించారా నాయనా? ఎడమ బుగ్గ మీద మచ్చ ఉంటుంది మా పిల్లకి." లేదమ్మా అనేవాళ్ళు. పదిలంగా వెళ్ళిరండి అనేది.

ఎర్రనీరు వచ్చిన ప్రతి ఏడూ, పొద్దు నడినెత్తికి రాగానే తడిగడ్డి వేసేది. ఇప్పుడు ఎవరూ వద్దనలేదు. వద్దనే మొహం ఎవరికీ లేదు. ఇవతల పొగ లేచేది. అవతల లేచేది కాదు. పొయ్యి చల్లారేదాకా చూసి, అప్పుడు అటుకులు తినేది.

పోలయ్య ఒకసారి ఉండబట్టలేక అన్నాడు. "అక్కడ ఊరే లేదు కదత్తా. ఎవరికి వేస్తున్నావు?"

"ఊరు లేకపోతే పోయింది. దానికి కళ్ళున్నాయి కదరా. ఎక్కడుంటే అక్కడి నుంచి చూస్తుంది."

ఆదెమ్మ జుట్టు పూర్తిగా నెరిశాక మహావరద వచ్చింది. అలాంటిది అంతకు ముందు లేదు. ఊరు మునిగింది. రేవులో కట్టిన పడవలన్నీ తాళ్ళు తెంచుకుని పోయాయి. జనం లంకలో ఎత్తైన ఇసకమెరక ఎక్కారు. పిల్లలని ఎత్తుకుని ఒకరు, బియ్యం ఎత్తుకుని ఒకరు, దేవుడి పటం ఎత్తుకుని ఒకరు. ఆదెమ్మ ఒక కాగు ఎత్తుకుని వచ్చింది. మూతికి మట్టి మెత్తి ఉంది. లోపల ఎండు పిడకలు, చెకుముకి రాయి.

వాన. మళ్ళీ వాన. పిల్లలు ఏడ్చి ఏడ్చి ఊరుకున్నారు. మెరక అంచులు ఒక్కో ముక్క నీళ్ళలోకి జారుతున్నాయి.

ఒక మధ్యాహ్నం కొంచెం తెరపి ఇచ్చింది. ఆదెమ్మ కాగు మూత పగలగొట్టింది. మూడు రాళ్ళు పెట్టింది. పిడక రాజేసింది. రంగన్న కాపు లేచాడు. అందరూ ఆయన వంక చూశారు. ఆయన వంగి, తడిగడ్డి పీకి, తెచ్చి ఆదెమ్మ చేతికిచ్చాడు.

పొగ లేచింది. ఎప్పుడూ లేవనంత ఎత్తు లేచింది.

చాలా దిగువన, ఏరు వంపు తిరిగేచోట కిందిరేవు అనే ఊరుంది. అక్కడి పడవవాళ్ళు వరదలో కొట్టుకొచ్చే దుంగలు పడుతున్నారు. వాళ్ళలో ఒకడు తలెత్తి చూశాడు.

"ఒరే, అటు చూడండి. మన చుక్కమ్మ వేసే పొగలా లేదూ?"

పనులు వదిలేశారు. తెడ్లు అందుకున్నారు. ఏటికి ఎదురుగా, ఒడ్డునే పట్టుకుని, గడలు వేసి, తాళ్ళు లాగి వచ్చారు. పడవ మెరకకి తగలగానే పిల్లలనీ పసిబిడ్డల తల్లులనీ ఎక్కించారు.

"ఇంత వరదలో ఎలా వచ్చారు నాయనా?" అని ఆదెమ్మ అడిగింది.

"పొగ చూసి వచ్చామమ్మా. మా ఊళ్ళో గంపలల్లేవాళ్ళ ఆవిడ ఒకామె ఉంది. ఎర్రనీరు వస్తే చాలు, మిట్టమధ్యాహ్నం పొగ వేస్తుంది. వాళ్ళ లంకా, వాళ్ళమ్మా ఏటిలో పోయారని ఎవరో చెప్పారట. పోయినామెకి పొగెందుకే అంటే, పోయిందని నా కళ్ళతో చూశానా అంటుంది. ఇన్నేళ్ళలో ఎవరూ జవాబు చెప్పలేదు. ఇవాళే లేచింది."

ఆదెమ్మ కూర్చుండిపోయింది. పేరు అడగలేదు. ఒక్క మాట అడిగింది.

"అన్నం సరిగా తింటుందా?"

"అందరికీ పెట్టి తింటుందమ్మా. ముగ్గురు పిల్లలు. నువ్వెక్కు, చూద్దువుగాని."

ఆదెమ్మ ఒక కాలు పడవ వైపు వేసింది. వెనక్కి తిరిగి చూసింది. ఇంకా సగం ఊరు మెరక మీదే ఉంది. మబ్బు మళ్ళీ దిగుతోంది. నీళ్ళూ ఆకాశం ఒకే రంగు.

"పొగ ఆగితే ఈ మెరక మళ్ళీ మీకు ఎలా దొరుకుతుంది? వీళ్ళందరినీ తీసుకుపోండి. దానితో మాత్రం చెప్పండి. మీ అమ్మ పొయ్యి దగ్గరే ఉందని చెప్పండి."

పడవ వెళ్ళింది. పొగ గుర్తు పట్టి మళ్ళీ వచ్చింది. మిగిలిన జనాన్ని ఎక్కించుకుంది. ఇద్దరికి చోటు చాలలేదు. ఆదెమ్మ ఉండిపోయింది. రంగన్న కాపు ఉండిపోయాడు. వాన పట్టుకుంది. కాపు ఒక చాట సంపాదించి పొయ్యి మీద గొడుగులా పట్టాడు.

"ఆదెమ్మా, ఆ రోజు నేను..."

"చాట పక్కకి పోతోంది బాబూ. సరిగ్గా పట్టుకోండి."

కాపు సరిగ్గా పట్టుకున్నాడు.

అప్పుడు కనిపించింది. దిగువ నుంచి, వాన తెరలోంచి, ఏటి మీద ఒక పొగ వస్తోంది. గట్టు మీద పొగ ఒకచోట నిలుస్తుంది. ఇది నడిచి వస్తోంది. పడవ ముందుభాగంలో కుంపటి పెట్టుకుని, కొంగు కప్పి వాన కాచుకుంటూ, తడిగడ్డి వేస్తూ, ఒకామె కూర్చుని వస్తోంది.

ఆదెమ్మ లేచి నిలబడింది. "అదిగో బాబూ, మా అమ్మాయి పలికింది," అంది.

కాగులో ఉన్న పిడకలన్నీ ఒక్కసారే పొయ్యిలో వేసింది. గడ్డంతా వేసింది. పొగ లేచింది. పొగ కనిపించింది. ఇద్దరు తల్లుల గుండెలూ కుదుటపడ్డాయి. చుక్కమ్మ కూడా అప్పటికి తల్లే కదా.

పడవ ఇంక కేకవేసే దూరంలో ఉంది. అప్పుడు మెరక నడుముకి విరిగింది. ఇసక కదా. మెత్తగా, చప్పుడు లేకుండా జారిపోయింది. కొట్టుకుపోతున్న తాటిమాను కాపు చేతికి తగిలింది. పడవ ఆయన్ని అందుకుంది. ఈ కథలో చివరి మాటలు ఆయన చెప్పినవే. ఆదెమ్మ దొరకలేదు. పొగ మాత్రం, కింద పొయ్యి లేకపోయినా, కాసేపు గాలిలో నిలబడే ఉందని చెప్పేవాడు.

చుక్కమ్మ ఏడవలేదట. కుంపటి ఆరేదాకా గడ్డి వేస్తూనే ఉందట. అమ్మ ఎక్కడుంటే అక్కడి నుంచి చూస్తుందని.

వరద తీశాక లంకవాళ్ళు తిరిగి వచ్చారు. వచ్చి కట్టుబాటు మార్చుకున్నారు. ఇప్పుడు ఎర్రనీరు వస్తే పొయ్యి ఆర్పరు. ఇవతల ఊరు పొగ వేస్తుంది, అవతల గట్టున మళ్ళీ వెలిసిన ఊరు పొగ వేస్తుంది. ఎదురుపొగ లేచేదాకా ఎవరూ ముద్ద ముట్టరు. లేవకపోతే పడవ తీస్తారు. ఎవరి ఊరు, ఏ కులం అని అడగరు. పిల్లని అత్తారింటికి పంపేటప్పుడు తల్లి తన చేత్తో కొట్టిన పిడక ఒకటి సారెలో పెడుతుంది. పిల్ల వెళ్ళొస్తానని అనదు. పొగ వేస్తానమ్మా అంటుంది. పొయ్యిలో మొదటి గడ్డి వేసేటప్పుడు ఇంట్లో పెద్దామె, "ఆదెమ్మా, కనిపించిందా?" అని అడుగుతుంది. అడిగి, కాసేపు ఊరుకుంటుంది.

నిన్నటి నుంచి మన రేవులోనూ నీళ్ళు ఎర్రబడ్డాయి. పొద్దు నడినెత్తికి వస్తోంది. మీలో ఒకరు లేచి గడ్డి తడిపి పట్టుకురండి. నేను పొయ్యి ఊదుతాను.