నక్కకి అప్పగించిన పెద్ద మూట

కొండవాగుకి ఇటు పక్క దాచుకున్న గింజల్ని అటు పక్క చుట్టాలకి చేర్చే పని ఒకప్పుడు ఏనుగుది. మూట కట్టడం, తూకం చూడటం, వాగు దాటించడం అన్నీ ఆయనే చేసేవాడు. ఓ ఎండాకాలం ఆయన కాల్లో ముల్లు దిగి మూలపడితే అటు ఒడ్డంతా పస్తులుంది. అప్పుడు అందరికీ బుద్ధొచ్చి, ఆ పనిని ముక్కలు చేసి చిన్నవాళ్లకి పంచారు. చీమలు తూకం చూస్తాయి. ఉడుత మూట కడుతుంది. మోసేవాళ్లు మోస్తారు. మూట చేరగానే అటు ఒడ్డున వడ్రంగిపిట్ట ఎండు మాను మీద టకటకా కొడుతుంది. ఎవరికైనా జ్వరమొస్తే వాళ్ల పని ఇంకొకరు అందుకుంటారు, మిగతా అడవి మామూలుగా నడిచిపోతుంది.

ఏ మూట ఏ దారిన పోవాలో చెప్పేది మాత్రం గోరింక. ఆమెకి ఎవరూ నేర్పలేదు. నేరేడు కొమ్మ మీద కూర్చుని, ఏ దారిన పంపిన మూటకి ఎంతసేపటికి టకటక వినిపించిందో గుర్తుపెట్టుకుంటూ తనే నేర్చుకుంది. దారులు నాలుగు: పైన కాకులు, కొమ్మల మీద కోతులు, నీళ్లలో తాబేళ్లు, గండిలో రాళ్ల మీదుగా నక్క జంబయ్య. నిన్న ఏ దారి బాగుంటే ఇవాళ ఆ దారే. మంచి పద్ధతి, కాదనను. కాకపోతే అడవంతా పొగిడేసరికి గోరింకకి కాస్త తలకెక్కింది.

ఆ పద్ధతిని జంబయ్య అందరికన్నా శ్రద్ధగా గమనించాడు. చిన్న మూట ఏదిచ్చినా దానికి అడవితీగ కట్టి, ఈడ్చుకుంటూ ఒక్క పరుగున అటు చేర్చేవాడు. ఒక్క గింజ ముట్టేవాడు కాదు. నక్క ముట్టలేదంటే ఎవరికైనా అనుమానం రావాలి. మన గోరింకకి ముచ్చటేసింది! రానురాను మూటలన్నీ గండిదారికే. తాబేలు తెచ్చిన మూట ఓసారి తడిసిందని నీటిదారి మానేసింది. కాకి ఓసారి ఆలస్యం చేసిందని గాలిదారి మానేసింది. కోతుల సంగతి సరేసరి. వాళ్లు బాగుపడ్డారో లేదో మళ్లీ చూసింది కూడా లేదు.

అలాంటి రోజుల్లో, జోరువానలో, కుందేలు బూరుగమ్మ ఏడుస్తూ వచ్చింది.

"వదినా! మా పిల్లకి అటు ఒడ్డున కాన్పయింది. వాళ్ల గింజలన్నీ వరదకి పోయాయట. తల్లికి తిండి లేక పాలు పడటం లేదు, పసిగుడ్లు నోళ్లు తెరుచుకుని ఉన్నాయట. ఇదిగో, మా ఏడాది తిండి. మొత్తం పంపించెయ్యి. పొద్దు గూకేలోపు చేరకపోతే వాగు పొంగిపోతుంది, ఇంక ఏ దారీ ఉండదు."

"ఏడవకు వదినా. గండిదారిన పంపుతాను. ఇంకో ఆలోచనే అక్కర్లేదు" అంది గోరింక.

ఒడ్డున కూర్చున్న ముసలి తాబేలు తల బయటపెట్టాడు. "ఇంత పెద్ద మూట ఆ దారిన ఎప్పుడైనా పోయిందటే?"

"అన్ని చిన్నవి పోయాయి తాతా, ఒక్క పెద్దది పోదా?"

"ఉగ్గుగిన్నెలో పాలు ముట్టలేదని పిల్లికి కడవ అప్పగిస్తావా?"

"నీ మూటలు ఆపేశానని నీకు కడుపుమంట" అని మొహం తిప్పుకుంది గోరింక.

అంతలో పొదలు కదిలాయి. జంబయ్య తడిసిన తోక దులుపుకుంటూ వచ్చి, వినయంగా కూర్చున్నాడు.

"అక్కయ్యా, పెద్ద మూట వచ్చిందటగా? తొందరగా ఇచ్చెయ్యి, వాన ముదురుతోంది. తోడెవరూ వద్దు. నేనొక్కణ్నే పట్టుకుపోతాను."

గోరింక రెక్కలు బిగుసుకున్నాయి. ఏ రోజు చూసినా కబురు పెడితేగాని రాని నక్క ఇవాళ పిలవకుండా వచ్చాడు. మూట పెద్దదా చిన్నదా అని ఎన్నడూ అడగనివాడు ఇవాళ సైజుతో సహా చెబుతున్నాడు. నిన్నటికీ ఇవాళ్టికీ తేడా పట్టడమే ఆమె విద్య. ఆ విద్య ఇప్పుడు ఆమెనే పొడిచింది.

"కూర్చో తమ్ముడూ, ఉడుత మూట కట్టేస్తుంది" అని తేనెలొలికేలా చెప్పి, మిగతావాళ్లని పొద వెనక్కి తీసుకుపోయింది.

"తప్పు నాదే వదినా" అంది అక్కడ. "వాడు కాజెయ్యడానికే వచ్చాడు. మిగతా దారులు ఎలా ఉన్నాయో నాకిప్పుడు తెలీదు. నేనే చూడటం మానేశాను."

బూరుగమ్మ అక్కడే కూలబడింది. "నా మనవలు..."

"ఏ దారి మంచిదో తెలీనప్పుడు అన్ని దారులా కొంచెం కొంచెం పంపాలి" అన్నాడు తాబేలు. "ఒకటి పోయినా మిగిలినవి చేరతాయి."

"మరి వీడో? లేదు పొమ్మంటే వాగు ఒడ్డున కాపేసి మీ మీద పడతాడు. చీకటిపడేదాకా వీణ్ని గండిలోనే ఉంచాలి" అంది గోరింక.

ఆ పొదలోనే పడుకున్న ముళ్లపంది ఆవులించాడు. "మీ గోలకి నిద్ర చెడింది. ఏమిటి కథ?"

గోరింక సంగతంతా, అప్పుడే తట్టిన ఉపాయంతో సహా గబగబా చెప్పింది. ముళ్లపంది కళ్లు ఎర్రజేశాడు. "నన్ను మూట కడతావా? నేనేమన్నా శనగలనా?"

"పసిపిల్లల ప్రాణం మామా."

"ఊఁ. అయితే ఇప్పపూలు దండిగా చల్లండి. నా కంపు నాకే పడదు."

ఉడుత మోదుగాకులు పొరలు పొరలుగా చుట్టి, తీగ బిగించింది. జంబయ్య ఆ మూటని చూసి లొట్టలేస్తూ, తీగ పళ్ల మధ్య పట్టుకుని గండిలోకి ఈడ్చుకుపోయాడు. వాడు మలుపు తిరగగానే చీమలు గింజలు పంచాయి, ఉడుత చేతులు నొప్పెట్టేలా చిన్న మూటలు కట్టింది. కాకులు ఎగిరాయి. కోతులు కొమ్మలందుకున్నాయి. తాబేళ్లు బురదనీటిలోకి దిగాయి, అందరికన్నా ముందు ముసలి తాబేలే.

తరవాత వినడమే మిగిలింది. వాన హోరులో బూరుగమ్మ చెవులు నిలబెట్టి కూర్చుంది. ఏమీ వినబడలేదు. ఒక కాకి తిరిగొచ్చి తలొంచుకుంది. గాలికి మూట జారి వాగులో పడిపోయిందట. ఒక కోతి పట్టుకున్న కొమ్మ విరిగి, మూటతోపాటు ఇటే పడ్డాడు. వాగు రాళ్లని మింగేస్తోంది.

"పోయాయి వదినా, అన్నీ పోయాయి" అంది బూరుగమ్మ.

జీవితంలో మొదటిసారి గోరింకకి ఏమవుతుందో తెలీలేదు.

టకటక.

ఇద్దరూ ఉలిక్కిపడ్డారు. మళ్లీ టకటక. కాసేపాగి ఇంకోటి, వెంటనే ఇంకోటి. చిట్టచివర, పొద్దు గూకేముందు, తీరిగ్గా ఒక టకటక. అది తాబేలు తాతదే అయ్యుంటుందని బూరుగమ్మ ఏడుస్తూనే నవ్వింది. సగానికి పైగా గింజలు అటు చేరాయి. బాలింత కడుపు నిండడానికి అది చాలు.

అప్పుడు గండిలోంచి జంబయ్య వచ్చాడు. ఆ బరువు ఈడ్చుకుంటూ గండిలోని తన బొరియ చేరేసరికే పొద్దు వాలిందట. అక్కడ మూట విప్పి, ఆత్రంగా నోరు పెట్టాడట. మూతినిండా ముళ్లు, నాలిక మీద ముళ్లు. వెనకాలే ముళ్లపంది ఇప్పపూలు దులుపుకుంటూ, సణుక్కుంటూ వస్తున్నాడు.

"మూట చేర్చావా తమ్ముడూ?" అని అడిగింది గోరింక.

చేర్చానంటే అబద్ధం, లేదంటే దొంగతనం. అసలు నోరు తెరుచుకుంటేగా! తేలు కుట్టిన దొంగలా కళ్లనీళ్లు పెట్టుకుని, తోక కాళ్ల మధ్య పెట్టుకుని, చూస్తున్న అడవంతటి ముందునుంచీ జంబయ్య వెళ్లిపోయాడు.

నీతి: చిన్న మూటలతో కుదిరిన నమ్మకాన్ని పెద్ద మూట అప్పగించేముందు మళ్లీ ఒకసారి తూచుకోవాలి.