చీర కట్టిన నీలం చెట్టు

బుల్లెమ్మా, కాళ్ళు లోపలికి లాక్కో. బొంత మెడ దాకా కప్పుకో. ఊఁ కొడుతూ వినాలి. ఊఁ ఆగిందంటే కథ కూడా ఆగిపోతుంది, ముందే చెప్తున్నా.

అనగనగా, పొద్దున్నే మబ్బులు గుమ్మంలోకి వచ్చి కూర్చునే ఒక కొండ ఊళ్ళో, నూకరత్నం అని ఒకామె ఉండేది. పుట్టింది కింద పల్లంలో, మల్లెతోటల ఊళ్ళో. పెళ్ళయ్యి కొండెక్కింది. ఆ కొండ మీద డాక్టరమ్మగారి బంగళా ఉంది. ఆ బంగళా తోటలో నూకరత్నం కలుపు తీసేది, నీళ్ళు పోసేది. అంతే. కత్తెర మాత్రం ముట్టుకోకూడదు.

ఎందుకంటావా? ఆ తోటకి సన్యాసిరావు మేస్త్రి పెద్ద. కత్తెర ఆయన మొలలో ఉండేది. "ఆడది కత్తెర పడితే చెట్టు కాయదు" అనేవాడు.

"ఇక్కడున్నవన్నీ క్రోటన్లే కదా మేస్త్రిగారూ! మీరు పట్టుకుంటే ఏం కాశాయి?" అనేది నూకరత్నం.

మేస్త్రికి దగ్గొచ్చేది. జవాబు రానప్పుడల్లా ఆయనకి దగ్గే వచ్చేది.

అప్పుడు ఒక చలికాలం డాక్టరమ్మగారు ఎక్కడో మంచు కొండల నుంచి మూడు మొక్కలు తెప్పించింది. స్ప్రూస్ అంటారట. మోకాలెత్తు ఉన్నాయి. ఆకులు సూదుల్లా ఉన్నాయి, ఆ సూదులకి నీలం పొడి అద్దినట్టుంది. పెరిగితే అంతస్తు మీద అంతస్తుగా గోపురంలా పెరుగుతాయట.

డాక్టరమ్మగారు ఏడాదికి ఒక్కసారి, చలికాలంలోనే వచ్చేది. వెళ్తూ వెళ్తూ చెప్పింది. "వీటిలో ఒక్కదాన్నైనా నా కిటికీ కింది అంచు దాకా నిటారుగా పెంచినవాళ్ళదే ఈ తోట పెద్దరికం. కత్తెర వాళ్ళదే."

నూకరత్నం గుండె గంతేసింది. ఆమెకి ఆ కత్తెర కావాలి. ఎంత కావాలంటే, నీకు జాతరలో రంగులరాట్నం కావాలే, అంత!

మొదటి మొక్కని మేస్త్రి అరటిపిలకలా లోతుగా పాతాడు. మెడ దాకా మట్టి కప్పాడు. వానలు పడ్డాయి. మొదలు కుళ్ళి పోయింది.

రెండో మొక్కని వంటింటి గోడ పక్కన పెట్టి, బలం కోసమని గంపెడు పచ్చి పేడ వేశాడు. అటు పొయ్యి సెగ, ఇటు పేడ వేడి. మాడి పోయింది.

ఆ తర్వాత మూడోదాన్ని నూకరత్నం ముందు పడేసి, "ఇంద, ఇదెలాగూ బతకదు. నువ్వు పెంచు" అన్నాడు. చూశావా, పోయేవి మాత్రం ఆడవాళ్ళకి దానం చేస్తారు!

నూకరత్నం ఆ మొక్క చుట్టూ మూడు రోజులు తిరిగింది. చలిదేశం పిల్ల కదా, దీనికేం కావాలి అని ఆలోచించింది. నీళ్ళు నిలవని వాలు చూసింది. డాక్టరమ్మగారి కిటికీ కిందే పొద్దుటి ఎండ తగిలే చోటు చూసింది. మెడ మట్టిలో మునగకుండా పాతి, పాదులో ఎండుటాకులు పరిచింది. మొక్క తేరుకుంది. ఒక అంతస్తు వేసింది. నెత్తి మీద కొత్త చిగురు లేచింది.

ఆ చిగురు చూసి నూకరత్నం చెయ్యి ఊరుకోలేదు. మల్లెతోట చెయ్యి కదా! మల్లెకి కొస తుంచితే గుబురుగా వస్తుంది, బుట్టలకొద్దీ పూస్తుంది. చిన్నప్పట్నుంచీ చేసిన పనే. కత్తెర లేకపోతేనేం, గోరు ఉంది. ముద్దుగా, ప్రేమగా, టుక్కున తుంచేసింది.

అయ్యో! ఆ చెట్టుకి ఆ ఒక్క చిగురే తల. తల పోతే పైకి పెరగదు. పక్కలకి పాకి, తట్ట బోర్లించినట్టు కూర్చుంటుంది.

రెండో చలికాలం డాక్టరమ్మగారు వచ్చింది. "ఆ రెండూ ఏమయ్యాయి?" అంది.

"ఒకటి జాతి మంచిది కాదండి. ఇంకోదానికి దిష్టి" అన్నాడు మేస్త్రి.

"మరి దీని తల ఎవరు తుంచారు?"

కోతి తుంచిందనొచ్చు. కొండ మీద కోతులకి కొదవా? కోతి వచ్చి కాదంటుందా? కానీ నూకరత్నం అంది, "నేనేనమ్మా. మల్లెలాగే అనుకున్నాను. ఇది మల్లె కాదు. ఇంకొక్క ఏడాది ఇవ్వండి."

డాక్టరమ్మగారు వంగి పక్కకొమ్మలు తడిమి చూసింది. "ఏడాదికి తల లేపకపోతే పీకించేస్తాను" అంది.

ఆ రాత్రి నూకరత్నం తన మోచెయ్యి తడుముకుంటూ కూర్చుంది. చిన్నప్పుడు జామచెట్టు మీంచి పడితే ఆ చెయ్యి విరిగింది. వాళ్ళ నాయనమ్మ వెదురుబద్ద పెట్టి, పాతగుడ్డతో కట్టు కట్టి నిలబెట్టింది.

తెల్లారగానే ఒక వెదురుబద్ద చెక్కింది. తన ఆకుపచ్చ చీర అంచు చింపింది. చెట్టు పైన ఒక పక్కకొమ్మని మెల్లగా లేపి బద్దకి కట్టింది. ఒకేసారి లేపితే విరుగుతుంది కదా, వారం వారం కట్టు విప్పి, కాస్త కాస్త పైకి లేపి మళ్ళీ కట్టింది.

మేస్త్రి పడీపడీ నవ్వాడు. "ఒలే నూకాలూ, చెట్టుకి చీర కట్టావేటే! పక్కన పుట్టింది పక్కన పడుండాలి గానీ, పైకెక్కుతానంటే ఎలాగే?"

"పైన ఖాళీగానే ఉంది కదా మేస్త్రిగారూ!" అంది నూకరత్నం.

ఆయనకి మళ్ళీ దగ్గొచ్చింది.

అప్పుడు ఎండాకాలం పోయింది. వానాకాలం పోయింది. మూడో చలికాలం డాక్టరమ్మగారు వచ్చి కిటికీ తెరిస్తే, కిందే కొమ్మ నిటారుగా నిలబడి ఉంది. పక్కకొమ్మే! కిటికీ అంచుకి ఇంకా జానెడు తక్కువ.

"జానెడు తక్కువండి" అన్నాడు మేస్త్రి.

"అది వచ్చే ఏడాదికి పెరుగుతుంది. నీ బుద్ధే పెరగదు" అని డాక్టరమ్మగారు ఆయన మొలలోంచి కత్తెర తీయించి, నూకరత్నం చేతిలో పెట్టింది.

మేస్త్రి ఏమయ్యాడంటావా? ఏమవుతాడు, నీళ్ళ గొట్టం పట్టుకున్నాడు. మొదట్లో ఎక్కువ పోసేవాడు. చెప్పగా చెప్పగా నేర్చుకున్నాడు పాపం.

ఆ చెట్టు ఇప్పుడు బంగళా కన్నా ఎత్తు. మెడ దగ్గర మాత్రం చిన్న వంపు ఉంటుంది.

ఆ చీరేమైందా? చీర వదిలేస్తారా ఎవరైనా! మా అమ్మ దాన్ని బొంతలో కలిపి కుట్టింది. అవును, నూకరత్నం మా అమ్మే. నీ గడ్డం కింద ఆకుపచ్చ గుడ్డ తడిమి చూడు. ఒక పక్క అంచు ఉంది, ఇంకో పక్క లేదు కదూ?

కత్తెరా? నా పెట్టెలో ఉంది. నీకే. ముందు ఆ గోళ్ళు కొరకడం మాను, ఆ తర్వాత చూద్దాం.

కథేమో కంచికి,
కొమ్మేమో మింటికి,
కునుకేమో నీ కంటికి,
మనమేమో ఇంటికి!