వడ కట్టిన టీ

మా ఊళ్ళో ఎవరైనా తెలివి అన్న మాట ఎత్తితే చాలు, కొప్పల వారింట్లో ముగ్గురూ గొంతు సవరించుకుంటారు, తమ గురించే అనుకుని. సూరపునాయుడు, ఆయన భార్య పైడమ్మ, కొడుకు చిన్నంనాయుడు. కొడుక్కి ముప్ఫై దాటినా పిల్లనిచ్చే వాళ్ళు లేరు. ఇంత తెలివిని భరించే పిల్ల దొరకాలి కదా అని వాళ్ళే చెబుతారు.

మార్గశిరంలో ఓ పొద్దున్న, మంచు ఇంకా విడవకముందే, పిల్ల తల్లి రాజులమ్మ ఇల్లు చూడ్డానికి బస్సు దిగింది. వచ్చిందే ఒక్క సంబంధం. ఇదీ పోతే ఇంకోటి లేదు. ఆవిడ వణుకుతూ, "గొంతు పట్టేసింది వదినా. కాస్త అల్లం, మిరియాలు దంచి వేసి టీ పెట్టించు" అంది.

"మేమెవరం పట్టలేదు వదినా" అని పైడమ్మ రెండు చేతులూ చూపించింది.

లాభం లేదని రాజులమ్మ, పొయ్యి దగ్గర చేరిన ముగ్గురికీ అరుగు మీంచే చెప్పడం మొదలుపెట్టింది. "నీళ్ళు మరిగాయా? పాలు పొయ్యి నాయనా."

చిన్నంనాయుడు పాలు చూశాడు, పొయ్యి చూశాడు. అంతే, చెంబెడు పాలూ పొయ్యిలో పోశాడు. కట్టెలు చుయ్యిమని ఆరిపోయాయి.

మళ్ళీ రాజేసి, ఇంకో చెంబు పాలు తెచ్చారు. ఈసారి "గిన్నెలో" అని ఆవిడే గుర్తుచేసింది. "పొంగిపోతుంది, ఓ కన్నేసి ఉంచన్నయ్యా." ఒక కన్నే కదా అని సూరపునాయుడు రెండోదాన్ని అరచేత్తో మూశాడు. ఇంకేముంది, టీ కాస్తా మూసిన కంటి వైపు నుంచి పొంగింది.

"అటు పక్క నన్ను చూడమన్లేదు కదమ్మా" అన్నాడాయన.

"మిగిలిందైనా వడకట్టి తీసుకురండి."

చుట్టం వస్తోందని చేసిన మినప వడల్లో ఒకటి తీసి, పురికొసతో గ్లాసుకి కట్టి, పైడమ్మ పట్టుకొచ్చింది. "ఒకటే కట్టాను వదినా. రెండైతే గ్లాసు ఒరుగుతోంది."

రాజులమ్మ వడ చూసింది, ముగ్గురి మొహాలూ చూసింది. టీ పొడి పళ్ళకి తగులుతున్నా మొత్తం తాగింది. చెప్పింది చెప్పినట్టు చేసే అత్తా, మామా, మొగుడూ ఒకే ఇంట్లో ఇంకెక్కడ దొరుకుతారు?

"మాకిష్టమే. మాఘంలో మా పిల్లని మీ చేతుల్లో పెడతాం" అని చెప్పి బస్సెక్కింది.

నిన్న నేను అటు వెళ్తే, వాకిట్లో ముగ్గురూ వరసగా అరచేతులు చాచి నిలబడున్నారు. "పిల్ల కాళ్ళు నీ వైపు వస్తాయి, కాస్త కిందికి పట్టు" అని భార్యకి చెబుతున్నాడు సూరపునాయుడు.

"మాఘానికి ఇంకా నెల పైనే ఉంది బావా" అన్నాను.

"తెలుసులే. ఊరికే నిలబడే బదులు, కాస్త మా వాడి ముక్కు తుడిచి పో."