ఆలకమ్మ మెడ వంచిన కథ

ఆలకొండకు మూడు వందల పది మెట్లు. చివరి మెట్టు ఎక్కగానే పైకప్పు లేని గుడిలో, నిలువెత్తు బండ రూపంలో ఆలకమ్మ దర్శనమిస్తుంది. తల ఎడమ భుజం వైపు వంగి, అరచేయి చెవికి ఆని ఉంటుంది. ఉలి తగలని ఈ మూర్తికి ఆ భంగిమ ఎలా వచ్చిందో పెద్దలు ఇలా చెబుతారు.

పూర్వం ఇక్కడ ఒక పాలెగాడు పాతికేళ్ళ పాటు కోట కట్టించాడు. ఊరి ఆడవాళ్ళు సైతం వెట్టికి రాళ్ళు మోశారు. చంటిబిడ్డను గట్టున పడుకోబెట్టి, మోస్తూ మోస్తూనే కూలి ప్రాణం విడిచింది ఒక తల్లి. ఆ బిడ్డే బుక్కన. పెరిగి యక్షగాన కవి అయ్యాడు. ఆ రోజుల్లో ఆటకు రాజులే నాయకులు. కూలివాళ్ళు నవ్వించడానికే వచ్చేవారు. బుక్కనకు అది మింగుడుపడలేదు. కోట పూర్తయిన పండుగకు ఆట రాయమంటే, రాళ్ళు మోసే స్త్రీని నాయికను చేసి, "ఈ కోట ఎవరిది?" అని రాజును నిలదీయించాడు.

"దాన్ని హాస్యగత్తెగా మార్చు. లేదా ఆట మానుకో" అన్నాడు పాలెగాడు.

"ఆమె మా అమ్మ ప్రభూ, మార్చలేను" అన్నాడు బుక్కన.

అతణ్ణి ఊరి నుంచి వెళ్ళగొట్టారు. బుక్కన కొండెక్కి ఈ బండ పక్కనే పాక వేసుకున్నాడు. పదకొండేళ్ళు, ప్రతి సాయంత్రం ఆటంతా బండ ఎదుట పాడాడు. కింద ఊళ్ళో మద్దెల మోగినప్పుడల్లా ప్రాణం అటే లాగేది. తన ఆటను ఒక్కరైనా వింటే చాలని తపించిపోయేవాడు.

ఒకనాడు తప్పిపోయిన గొర్రెను వెతుక్కుంటూ ఎర్రక్క అనే కాపరి వచ్చింది. కోటకు ఆమె కూడా రాళ్ళు మోసింది. చివరిదాకా నిలబడి విన్నది.

"బాగుందయ్యా. కానీ నెత్తిన రాయి ఉన్న మనిషి కోట ఎవరిదని అడగదు."

"మరేమంటుందమ్మా?"

"'దొరా, బిడ్డ ఏడుస్తాండాడు. పాలిచ్చొస్తా, ఒక్క గడియ రాయి దించుకోనీ' అంటుంది."

బుక్కన నిలువునా కరిగిపోయాడు. ఇన్నేళ్ళూ తన కోపాన్నే అమ్మ నోట పలికించాడు. అమ్మ ఏమని ఉంటుందో ఒక్కనాడూ ఆలోచించలేదు. కళ్ళు తుడుచుకుంటూ ఎర్రక్క మాటలే ఆటలో రాసుకున్నాడు.

తెల్లవారుజామున అమ్మవారు కలలో కనిపించి, "నాయనా, రోజూ నీ పాట విన్నాను. నిన్న మీ అమ్మను విన్నాను. ఈ ఆట నా ముందు ఆడించు" అన్నది. లేచి చూస్తే బండ మెడ వంచి, చెవికి అరచేయి ఆనించి ఉంది.

ఆ వింత చూడటానికి పాలెగాడితో సహా ఊరంతా కొండెక్కింది. ఎర్రక్కే నాయిక వేషం కట్టింది. ఆ మాట వినగానే పాలెగాడు తల దించుకున్నాడు. ఆనాటితో వెట్టి మాన్పించాడు. బుక్కన మాత్రం అవేవీ చూడలేదు. అమ్మ గొంతు ఎలా ఉండేదో ఎరగని అతడు, ఎర్రక్క గొంతులోనే దాన్ని వెతుక్కుంటూ కూర్చున్నాడు.

నేటికీ మాఘ పౌర్ణమి నాడు ఇక్కడ ఆ ఆట ఆడతారు. నాయిక వేషం కూలి చేసుకునే స్త్రీకే ఇస్తారు. ఆట ప్రతిలో ఎర్రక్క చెప్పిన ఆ ఒక్క మాట చోటును ఇప్పుడు ఖాళీగా ఉంచుతారు. వేషం కట్టినామె అక్కడ తన సొంత మాట చెప్పుకోవాలి. చెప్పుకునే దిక్కులేని బాధ ఈ తల్లి చెవిన వేస్తే గుండె బరువు దిగుతుందని భక్తుల నమ్మకం. నిరుడు వేషం కట్టిన గంగులమ్మ, రాతి క్వారీలో పనిచేసే మనిషి, చాలాసేపు ఏమీ అనలేక నిలబడిపోయింది. ఆమె నోరు తెరిచేదాకా పూజారి హారతి వెలిగించలేదు.