దివానుగారి గడప మహిమ

మంచు కురిసే ఓ కొండ సంస్థానంలో, పల్లకీ మోసే పోలయ్య తన మోకాలు కొయ్యబారిందంటూ, పని మాని ఇంట్లో కూర్చోడానికి దివానును భరణం అడిగాడు. అదంతా నటనని తోటి బోయీ చిట్టెన్నకు తెలుసు. చెబితే పోలయ్యను కొలువులోంచి తరిమేస్తారు. చెప్పకపోతే నలుగురి బరువూ ముగ్గురే మోయాలి.

"వాడు చెప్పేది నిజమేనా?" చిట్టెన్నను గద్దించాడు దివాను.

"వాణ్ణే పల్లకీలో మోసుకొస్తాం, తమరే చూడండి దొరా."

పొగమంచులో పల్లకీ మబ్బుతునకలా తేలింది. బోయీల పదం జోలపాటలా సాగుతుంటే లోపల పోలయ్య కునుకు తీశాడు. దివాను వాకిట్లో పల్లకీ దించుతూ చిట్టెన్న, రోజూ దారిలో హెచ్చరించినట్టే, "రాయుందీ, కాలెత్తూ!" అని పాడాడు.

నిద్రలోనే పోలయ్య మోకాలు మడిచి కాలెత్తాడు.

దివాను నోరు తెరిచేలోగా చిట్టెన్న దండం పెట్టాడు. "తమ గడప మహిమ దొరా! రాగానే నయమైపోయింది!"

కాదనడానికి దివానుకు మనసొప్పలేదు. మర్నాడు పల్లకీ నలుగురి భుజాల మీద తేలింది.